పీడనం పడిపోయిందా, మీటరు పొరబడిందా?

విమానం రన్‌వే వదిలి 400 అడుగులు లేచింది. ఇద్దరు కూర్చునే చిన్న విమానం. రెక్కలు కిందివైపు, ముందు ఒకే ఇంజను. దాన్ని కట్టింది అందులో కూర్చున్న మనిషే. గ్యారేజీలో 4 ఏళ్లు శ్రమించి కట్టుకున్నాడు. ఇంకా పరీక్షా దశ దాటలేదు. అంతలో ప్యానెల్ మీద ఎర్రదీపం వెలిగింది. ఇంధన పీడనం 0.4 పీఎస్ఐ. నిమిషం క్రితం నేల మీద అదే అంకె 5 దగ్గర నిలకడగా ఉంది. ఇంజను చప్పుడులో మాత్రం తేడా ఏమీ లేదు.

ఆ ఎత్తులో పైలట్‌కు దొరికే వ్యవధి కొన్ని సెకన్లే. ఇంజను నిజంగా ఆగిపోబోతుంటే ముక్కు దించి, ఎదురుగా కనిపించిన చదును నేల మీద దిగడానికి సిద్ధపడాలి. ఎలాగైనా వెనక్కి తిరిగి రన్‌వే చేరుకోవాలన్న ఆత్రంతో, మలుపులో వేగం కోల్పోయి కూలిన విమానాలు ఎన్నో. మరి ఇంజను లక్షణంగా ఉండి, అబద్ధమాడుతున్నది మీటరే అయితే? బాగున్న విమానాన్ని తీసుకెళ్లి పొలం గట్టుకు కొట్టినట్టవుతుంది.

మన పైలట్ అదృష్టవంతుడు. కొద్దిగా పవరు తగ్గించాడు. అంకె 3కి చేరింది. రన్‌వేని వదలకుండా పైనే ఒక చుట్టు తిరిగి క్షేమంగా దిగాడు.

ఈ సన్నివేశం ఊహించినదే. కానీ సొంతంగా విమానాలు కట్టుకునేవారి మధ్య మళ్లీ మళ్లీ చర్చకు వచ్చే చిక్కుల్లో ఇదొకటి. గాలిలో ఉన్నప్పుడు దీనికి జవాబు ఒక్కటే: అంకె నిజమేనని నమ్మి, అదనపు విద్యుత్ పంపు వేసి, వీలైనంత త్వరగా దిగడం. అసలు వెతుకులాట దిగాక మొదలవుతుంది. పీడనం నిజంగా పడిపోయిందా, లేక దాన్ని కొలిచే పరికరం పొరబడిందా? తేలిగ్గా కనిపించే ఈ ప్రశ్న హైస్కూలు భౌతికశాస్త్రాన్ని దాదాపు మొత్తం తిరగేయిస్తుంది.

ఇంట్లో పుట్టిన విమానం

అమెరికాలో విమానం తయారీ పనిలో సగానికి మించిన భాగాన్ని ఔత్సాహికులు తామే చేసి ఉంటే, దానికి ‘ప్రయోగాత్మక’ వర్గంలో ఎగిరే అనుమతి దొరుకుతుంది. దీన్నే వాడుకలో 51 శాతం నిబంధన అంటారు. విడిభాగాల కిట్లు అమ్మే కంపెనీలు ఉన్నాయి. ఆరెగాన్ రాష్ట్రంలోని వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అమ్మిన కిట్లతో కట్టి, గాల్లోకి లేచిన విమానాలే 11 వేలు దాటాయి. మన దేశంలో ఈ ముచ్చట అరుదు. అందుకే ముంబయిలోని కాందివలిలో, తాను ఉండే భవనం మేడ మీద 6 సీట్ల విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్ పేరు అంతగా వినిపించింది. 2016లో ‘మేక్ ఇన్ ఇండియా’ ప్రదర్శనలో ఆ విమానాన్ని జనం చూశారు. 2017లో పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్ దానికి రిజిస్ట్రేషన్ ఇచ్చింది.

కర్మాగారంలో తయారైన విమానానికీ, ఇంట్లో కట్టిన విమానానికీ ఒక పెద్ద తేడా ఉంది. మొదటి దానిలో ఇంధన గొట్టం ఏ మలుపు తిరగాలో, సెన్సర్ ఎక్కడ బిగించాలో అన్నీ ముందే ఖరారై, వందల విమానాల్లో ఒకేలా ఉంటాయి. రెండో దానిలో ప్రతి విమానమూ ఒక కొత్త ప్రయోగమే. పక్కవాడి విమానంలో చక్కగా పనిచేసిన అమరిక ఇక్కడ పనిచేయకపోవచ్చు. అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు 2012లో ఇలాంటి విమానాల మీద ఒక అధ్యయనం వెలువరించింది. ఆ దేశపు చిన్న విమానాల్లో ఇవి సుమారు 10 శాతమే. 2011లో జరిగిన ప్రమాదాల్లో మాత్రం వీటి వాటా 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం. ఇంజను శక్తి కోల్పోవడం, పైలట్ అదుపు తప్పడం ప్రధాన కారణాలుగా తేలాయి. తొలిసారి ఎగరడానికి ముందే ఇంధన వ్యవస్థను పరీక్షించి, ఫలితాలు రాసి ఇవ్వాలన్నది బోర్డు చేసిన సిఫార్సుల్లో ఒకటి.

రక్తపోటు అంతే

ఇంధన పీడనం అనగానే ఏదో భారీ ఒత్తిడి అనిపిస్తుంది. నిజానికి అది చాలా తక్కువ. ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తపోటులో పై అంకె 120 మిల్లీమీటర్ల పాదరసం. దాన్ని పీఎస్ఐలోకి మారిస్తే 2.3 వస్తుంది. చిన్న విమానాల్లో విరివిగా వాడే 100 హార్స్‌పవర్ రోటాక్స్ 912 ఇంజనుకు కావలసిన కనీస ఇంధన పీడనం 0.15 బార్, అంటే 2.2 పీఎస్ఐ. మనిషి గుండె తోసేంత ఒత్తిడితో పెట్రోలు అందితే ఆ ఇంజను నడిచిపోతుందన్నమాట. కార్బురేటర్ ఉన్న లైకమింగ్ ఓ-320, ఓ-360 ఇంజన్లకు అనుమతించిన హద్దులు 0.5 నుంచి 8 పీఎస్ఐ. ఇంధనాన్ని సూటిగా చిమ్మే ఇంజెక్షన్ ఇంజన్ల సంగతి వేరు. రోటాక్స్ 912 ఐఎస్‌లో ఇది సుమారు 3 బార్, అంటే కారు టైరులో నింపే గాలి కంటే ఎక్కువ.

అంకె చిన్నది కావడంలోనే చిక్కంతా ఉంది. కారు టైరు కొలతలో 2 పీఎస్ఐ తేడా వస్తే ఎవరూ పట్టించుకోరు. కార్బురేటర్ విమానంలో అదే తేడా పచ్చగీతకూ ఎర్రగీతకూ మధ్య దూరం.

రెక్కలు పైన ఉండే విమానాల్లో ఇంధనం పైనుంచి కిందికి దానంతటదే జారుతుంది. పెట్రోలు ఒక మీటరు ఎత్తు నుంచి దిగితే సుమారు 1 పీఎస్ఐ పీడనం పుడుతుంది. చాలా కార్బురేటర్లకు అది సరిపోతుంది కాబట్టి అలాంటి వాటిలో పంపు లేకపోయినా నడుస్తుంది. రెక్కలు కిందికి ఉంటే ఇంధనాన్ని పైకి లాగాలి. అందుకు రెండు పంపులు ఉంటాయి. ఒకటి ఇంజను తిప్పేది, రెండోది విద్యుత్తుతో తిరిగే అదనపు పంపు.

ఇంజను పంపు లోపల ఒక సాగే పొర ఉంటుంది. దాన్ని డయాఫ్రం అంటారు. ఇంజను ఒక మీటను ఆడిస్తే ఆ పొర వెనక్కి వెళ్లి పెట్రోలును పీల్చుకుంటుంది. తిరిగి ముందుకు నెట్టేది మాత్రం ఇంజను కాదు, పొర వెనకున్న స్ప్రింగు. కార్బురేటర్ గిన్నె నిండి దాని సూది కవాటం మూసుకుంటే స్ప్రింగు నొక్కిపట్టి ఆగిపోతుంది. కాబట్టి పీడనాన్ని నిర్ణయించేది ఇంజను వేగం కాదు, స్ప్రింగు బలం. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పీడనం కాస్త ఎక్కువగా, పూర్తి పవరులో కాస్త తక్కువగా కనిపించడం ఇందువల్లే. పెట్రోలు ఎంత వేగంగా ఖర్చవుతుంటే గొట్టంలో అంత ఒత్తిడి కరిగిపోతుంది. వీధి కుళాయిలన్నీ ఒకేసారి తెరిస్తే మేడ మీద ధార సన్నబడినట్టే. టేకాఫ్‌లో 5 కాస్తా 4కి దిగితే కంగారు అక్కర్లేదు. 0.4కి దిగితే మాత్రం విషయం వేరు.

ఇంజను సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలి?

మన పైలట్ మొదటి అనుమానం సెన్సర్ మీదికి వెళ్లింది. ‘పీడనం నిజంగా పడిపోతే ఇంజను దగ్గేది కదా’ అన్నది అతని తర్కం. చాలామంది ఇలాగే ఆలోచిస్తారు. ఇందులో సగం నిజం ఉంది. 180 హార్స్‌పవర్ ఇంజను టేకాఫ్‌లో నిమిషానికి సుమారు ఒక లీటరు పెట్రోలు తాగుతుంది. కార్బురేటర్ గిన్నెలో ఉండే నిల్వ కొద్ది సెకన్లకే చాలుతుంది. పెట్రోలు రావడం పూర్తిగా ఆగిపోతే ఇంజను ఆ మాట త్వరలోనే చెప్పేస్తుంది.

మిగతా సగం ప్రమాదకరం. పీడనం, ప్రవాహం ఒకటి కావు. సూది కవాటం బార్లా తెరుచుకుని ఉంటే అర పీఎస్ఐ ఒత్తిడితో కూడా ఇంజనుకు కావలసినంత పెట్రోలు చేరవచ్చు. అంటే అంకె నిజమే కావచ్చు, ఇంజనూ నడుస్తూ ఉండవచ్చు. రెంటి మధ్యా మిగిలిన ఆసరా ఎంత సన్నగా ఉందో చప్పుడు వింటే తెలియదు.

కాబట్టి ఇంకో సాక్షిని పిలవాలి. ఇంజను సిలిండర్ల నుంచి వచ్చే పొగ ఉష్ణోగ్రతను చాలా విమానాల్లో విడివిడిగా కొలుస్తారు. పెట్రోలు తగ్గి గాలి పాలు పెరిగితే ఆ ఉష్ణోగ్రత ముందు పెరుగుతుంది. ఇంధన ప్రవాహాన్ని కొలిచే చిన్న చక్రం మరో సాక్షి. దానికీ ఒక బలహీనత ఉంది. గొట్టంలో బుడగలు వస్తే చక్రం ఇంకా గిర్రున తిరిగి, ప్రవాహం పెరిగిందని చూపిస్తుంది. ఇంధనం తగ్గుతున్న వేళ పెరుగుతోందని చెప్పే సాక్షి అది!

ఈ కాలపు డిజిటల్ ప్యానెళ్లు ఈ అంకెలన్నిటినీ నిరంతరం దాచిపెడతాయి. విడిభాగాలు కొనే ముందు ఆ రికార్డును చూడడం ఖర్చు లేని పని. పీడనం ఎప్పుడు పడింది? అదే క్షణంలో ఇంకేమి మారింది? ల్యాండింగ్ లైటు వేసినప్పుడు అంకె ఎగిరిపడితే తప్పు కరెంటు తీగలదే, ఎందుకంటే లైటు వేసిన సంగతి పెట్రోలుకు తెలియదు. ఇంధన పీడనంతో పాటు ఆయిల్ పీడనం, ఉష్ణోగ్రత కూడా ఒకేసారి తుళ్లిపడితే అవన్నీ పంచుకునే ఎర్త్ తీగను అనుమానించాలి. మన పైలట్ రికార్డులో లైట్లతో సంబంధం కనిపించలేదు. పీడనం పవరు పెంచినప్పుడు పడింది, తగ్గించినప్పుడు లేచింది. ఆ ఆధారం కళ్లెదుటే ఉన్నా అతను ముందు కొత్త సెన్సర్ తెప్పించి బిగించాడు. అంకె మారలేదు.

తప్పుడు అంకెలు ఎలా పుడతాయి?

అతని అనుమానం ఈసారి ఫలించకపోయినా, అది అర్థం లేనిదేమీ కాదు. సెన్సర్లు తప్పు చెప్పే దారులు చాలానే ఉన్నాయి.

ఎక్కువగా వాడే ఎలక్ట్రానిక్ సెన్సర్‌కు మూడు తీగలు ఉంటాయి. ఒకదానిలో 5 వోల్టులు లోపలికి వెళ్తాయి, ఒకటి ఎర్త్, మూడోది జవాబు తెస్తుంది. పీడనం సున్నా అయితే జవాబు 0.5 వోల్టు. సెన్సర్ కొలవగల గరిష్ఠ పీడనానికి 4.5 వోల్టులు. అంటే 15 పీఎస్ఐ సెన్సర్‌లో ఒక్కో పీఎస్ఐకి వచ్చేది సుమారు 0.27 వోల్టు. ఇంజనుకూ ప్యానెల్‌కూ మధ్య ఎర్త్ సరిగ్గా కుదరక 0.2 వోల్టు తేడా వస్తే చాలు, అంకె 0.75 పీఎస్ఐ తప్పుతుంది. అదే చోట 100 పీఎస్ఐ సెన్సర్ బిగిస్తే తప్పు 5 పీఎస్ఐకి చేరుతుంది. బియ్యం తూచే కాటాతో బంగారం తూచినట్టుంటుంది. ఇంజెక్షన్ ఇంజను కోసం తయారైన సెన్సర్‌ను కార్బురేటర్ ఇంజనుకు బిగించినవారికి ఈ అనుభవం తప్పదు.

పాతకాలపు ఒంటి తీగ సెన్సర్లది మరో కథ. వాటికి ఎర్త్ తీగ విడిగా ఉండదు. సెన్సర్ ఒళ్లే, దాని మరల ద్వారా, ఇంజను లోహానికి తగిలి ఎర్త్ అవుతుంది. పెట్రోలు కారకుండా ఉండాలని మర మీద టెఫ్లాన్ టేపు చుడితే, ప్లంబింగ్ దృష్టిలో అది మంచి పనే. విద్యుత్తు దృష్టిలో దారి మూసేసినట్టు. అడ్డు పెరిగి అంకె ఒక పక్కకు ఒరిగిపోతుంది. ఎటు ఒరుగుతుందన్నది సెన్సర్ రకాన్ని బట్టి ఉంటుంది. ఆ టేపు ముక్కలు లోపలికి రాలితే కవాటాలకు అడ్డం పడతాయి కూడా. ఇంధన మరలకు ద్రవరూపంలో ఉండే పూత వాడమని చెప్పడానికి ఇదీ ఒక కారణం.

అన్నిటికంటే తమాషా అయినది ఎత్తుతో పాటు మారే అంకె. కొన్ని సెన్సర్లకు బయటి గాలి తగలడానికి సన్నని రంధ్రం ఉంటుంది. అవి ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెబుతాయి. కొన్నిటిలో సముద్రమట్టం నాటి గాలినే లోపల బంధించి సీలు వేస్తారు. ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే చిప్స్ ప్యాకెట్ ఉబ్బడం చాలామంది చూసే ఉంటారు. ఇక్కడా అదే జరుగుతుంది. 8,000 అడుగుల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టం కంటే 3.8 పీఎస్ఐ తక్కువ. కార్బురేటర్‌కు అక్కడ కూడా 5 పీఎస్ఐ చక్కగా అందుతున్నా, సీలు వేసిన సెన్సర్ 1.2 అని చూపిస్తుంది. దిగుతుంటే అంకె మెల్లగా మామూలుకొస్తుంది. ఎగిరిన ప్రతిసారీ ఇలాగే జరుగుతుంటే పంపును విప్పాల్సిన పని లేదు. అయితే 400 అడుగుల ఎత్తుకు ఈ లెక్కన వచ్చే తేడా 0.2 పీఎస్ఐ మాత్రమే. మన పైలట్ అంకెను ఇది వివరించలేదు.

సెన్సర్‌ను ఎక్కడ బిగించారన్నది కూడా ముఖ్యం. ఇంజను మీదే నేరుగా బిగిస్తే అదురుకు మర మెడ దగ్గర పగిలిపోగలదు. అప్పుడు అంకె తప్పడం అటుంచి, వేడి పొగగొట్టాల మీద పెట్రోలు చిమ్ముతుంది. అందుకే సెన్సర్‌ను ఇంజను వెనకున్న గోడకు బిగించి, మధ్యలో వంగే గొట్టం పెడతారు. ఆ గొట్టం మొదట్లో సూదిమొన అంత రంధ్రం ఉన్న అడ్డుబిళ్ల ఉంటుంది. గొట్టం తెగినా పెట్రోలు ధారగా కారకుండా అది ఆపుతుంది, పంపు కొట్టే దెబ్బలకు అంకె వణకకుండానూ చూస్తుంది. ఆ రంధ్రంలో నలక ఇరుక్కుంటే క్షణాల్లో మారాల్సిన అంకె బద్ధకంగా జారుతుంది.

మెట్ల మీద నీటి గొట్టం

కొత్త సెన్సర్ కూడా అదే మాట చెప్పింది కాబట్టి సెన్సర్ నిర్దోషి అని తేల్చేయవచ్చా? కొత్తది కూడా తప్పు రకానిదే అయితే రెండూ కలిసి ఒకే అబద్ధం చెప్పవచ్చు. తేల్చుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. 70 సెంటీమీటర్ల ఎత్తున్న నీటి స్తంభం ఒక పీఎస్ఐ. పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని ఇంగ్లిష్ ‘యు’ అక్షరంలా వంచి, కొంత నీరు పోసి, ఒక కొసను సెన్సర్‌కు తగిలించాలి. మధ్యలో గాలి ఉంటుంది కాబట్టి నీరు సెన్సర్‌ను తాకదు. రెండో కొసను మేడ మెట్ల వెంబడి పైకి తీసుకెళ్లి నీరు పోస్తూ పోవాలి. రెండు పక్కల నీటిమట్టాల మధ్య తేడా 211 సెంటీమీటర్లు ఉన్నప్పుడు ప్యానెల్ మీద 3 పీఎస్ఐ కనిపించాలి. ఈ కొలమానానికి కరెంటు అక్కర్లేదు, ఎర్త్ అక్కర్లేదు, అది చెడిపోదు కూడా. సెన్సర్, తీగలు, ప్యానెల్ అన్నీ కలిపి ఒకేసారి పరీక్షకు నిలబడతాయి.

మన పైలట్ సెన్సర్ ఈ పరీక్షలో నెగ్గింది. పాతదీ నెగ్గింది! అంటే విమానంలో చూసిన 0.4 నిజమే.

బయటికి కారని లీకు

ఇక వెతకాల్సింది పెట్రోలు దారిలో. ట్యాంకు, వడపోత జాలీ, ట్యాంకులు మార్చే కవాటం, విద్యుత్ పంపు, ఇంజను పంపు, కార్బురేటర్. పంపుకు అవతల, తోసే వైపు ఎక్కడ లీకున్నా పెట్రోలు కారుతుంది, వాసన వస్తుంది, మరక కనిపిస్తుంది. పంపుకు ఇవతల, పీల్చే వైపు లీకుంటే మరకే ఉండదు. అక్కడ గొట్టం లోపలి పీడనం బయటి గాలి కంటే తక్కువ. అందుకే పెట్రోలు బయటికి రాదు, గాలే లోపలికి వస్తుంది.

బావి దగ్గర మోటారు పెట్టినవారికి ఇది చెప్పక్కర్లేదు. ఫుట్‌వాల్వ్ సరిగ్గా పట్టకపోయినా, పీల్చే పైపు జాయింటులో వెంట్రుకవాసి సందు ఉన్నా మోటారు తిరుగుతూనే ఉంటుంది, నీరు రాదు. పైపు మీద చుక్క తడి కూడా కనిపించదు. విమానంలోనూ అదే. ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు లాగుడు తక్కువ కాబట్టి గాలి అంతగా చొరబడదు, నేల మీద అంకె 5 దగ్గరే ఉంటుంది. టేకాఫ్‌లో ఇంజను పూర్తిగా లాగుతుంది, ముక్కు పైకి లేచి పెట్రోలు ఇంకా ఎత్తుకు ఎక్కాల్సి వస్తుంది. గాలి బుడగలు పంపులోకి చేరతాయి. ద్రవాన్ని నెట్టడానికి తయారైన పొర గాలిని నొక్కుతూ కూర్చుంటుంది.

పీల్చే వైపు ఇదొక్కటే కాదు, ఇంకో దొంగ కూడా ఉంటాడు: ఆవిరి. విమానాల పెట్రోలు ఆవిరి పీడనం 37.8 డిగ్రీల దగ్గర 38 నుంచి 49 కిలోపాస్కల్స్ మధ్య ఉండాలన్నది ప్రమాణం. 60 డిగ్రీలకు అది దాదాపు రెట్టింపవుతుంది. 10,000 అడుగుల ఎత్తులో చుట్టూ ఉన్న గాలి పీడనమే 70 కిలోపాస్కల్స్. ఎండలో నిలిపిన విమానం, వేడెక్కిన ఇంజను గది, దానికి తోడు పంపు లాగుడు కలిస్తే పెట్రోలు గొట్టంలోనే మరుగుతుంది. మే నెల మధ్యాహ్నం దిగి, పావుగంట ఆగి మళ్లీ లేచే విమానానికి ఈ ముప్పు ఎక్కువ. కార్ల పెట్రోలు ఇంకా త్వరగా ఆవిరవుతుంది. అందులో ఎథనాల్ కలిస్తే ఆవిరి పీడనం పెరుగుతుంది, గొట్టాల రబ్బరు మీదా ప్రభావం ఉంటుంది. రోటాక్స్ 912 ఇంజన్లకు 10 శాతం ఎథనాల్ వరకే అనుమతి. మన బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది ఎక్కువగా 20 శాతం కలిపిన పెట్రోలు కాబట్టి ఇక్కడ తేలికపాటి విమానాలు నడిపేవారికి ఇది పుస్తకాల్లో ప్రశ్న కాదు.

ట్యాంకు గాలి గొట్టం మూసుకుపోవడం కూడా పీడనాన్ని పడగొడుతుంది. మట్టితో గూడు కట్టే కందిరీగలకు ఆ సన్నని గొట్టం చక్కని ఇల్లు. పెట్రోలు ఖర్చవుతుంటే ట్యాంకులో శూన్యం పెరుగుతుంది, పీడనం అర్ధగంట వ్యవధిలో మెల్లగా దిగుతుంది. దిగాక ట్యాంకు మూత తీస్తే బుస్సుమంటూ గాలి లోపలికి పోతుంది. జాలీలో చెత్త చేరితే లక్షణం వేరు: అంకె మెల్లగా కాదు, పవరు పెంచినప్పుడల్లా పడుతుంది.

ఎక్కువ పీడనం చూపే సందర్భాలు ఇంత చిక్కువి కావు. ఇంజను ఆపిన కాసేపటికి అంకె ఎర్రగీత దాటితే భయపడాల్సిందేమీ లేదు. పంపు కవాటానికీ కార్బురేటర్ సూదికీ మధ్య చిక్కుకున్న పెట్రోలు వేడికి వ్యాకోచించి నొక్కుతుంది. ఇంజను నడుస్తుండగా ఎక్కువ చూపితే మాత్రం కార్బురేటర్ పొంగి పొర్లే ప్రమాదం ఉంది. ఇంజెక్షన్ ఇంజనులో అయితే ట్యాంకుకు తిరిగి వెళ్లే గొట్టం మూసుకుందేమో చూడాలి.

సబ్బు నురగ

రెండు పంపులనూ విడివిడిగా పరీక్షించాకే ముందుకు పోవాలి. విద్యుత్ పంపు తిరుగుతుంటే చచ్చిపోయిన ఇంజను పంపు సంగతి ప్యానెల్ మీద కనిపించదు. టేకాఫ్ తర్వాత విద్యుత్ పంపు ఆపిన క్షణంలో బయటపడుతుంది. అందుకే నేల మీద ఒకసారి ఒక పంపుతో, మరోసారి రెండో పంపుతో అంకె రాసుకుంటారు. మన పైలట్ విమానంలో విడిగానూ, కలిపీ రెండు పంపులూ నెమ్మది వేగంలో 5 చూపాయి, పూర్తి పవరులో జారిపోయాయి. రెండు పంపులూ ఒకే రోజు చెడిపోవడం కంటే, రెండూ పంచుకునే గొట్టంలో లోపం ఉండడమే ఎక్కువ నమ్మదగ్గది.

ఆ గొట్టం అల్యూమినియంది. జాయింటు దగ్గర దాని అంచును గరాటులా 37 డిగ్రీల కోణంలో విప్పారుస్తారు. కార్ల పనిముట్లు చేసే కోణం 45 డిగ్రీలు. ఒకదానికోసం చేసిన పనిముట్టు మరోదానికి వాడినా, నట్టు అతిగా బిగించినా అంచులో కంటికి కనిపించని పగులు వస్తుంది. దాన్ని పట్టడానికి సైకిల్ షాపు పద్ధతే పనికొస్తుంది. పెట్రోలు పూర్తిగా తీసేసి, గొట్టం ఒక కొస మూసి, రెండో కొస నుంచి స్వల్పంగా గాలి పట్టించి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు పూయాలి. ట్యాంకులను ఇలా పరీక్షించేటప్పుడు కొందరు పిల్లల బెలూన్ తగిలిస్తారు. గాలి ఎక్కువై ట్యాంకు పగలకుండా బెలూన్ ముందే ఉబ్బి కాపాడుతుంది, తెల్లారేసరికి అది మెత్తబడితే లీకు ఉన్నట్టు. మన విమానంలో ట్యాంకు మార్చే కవాటానికి అవతలి నట్టు దగ్గర ఆవగింజంత నురగ బుడగలు, ఒకదాని వెనక ఒకటి.

కవాటం చుట్టూ ఉండే చోటు ఇరుకు. చేయి దూరదు, కన్ను పడదు. ఇంట్లో కట్టిన విమానాల్లో ఆ కవాటాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఒక్కోసారి ప్రాణాల మీదికి వస్తుంది. గాయకుడు జాన్ డెన్వర్ 1997 అక్టోబర్ 12న కాలిఫోర్నియాలో మాంటెరే తీరంలో కూలి మరణించింది ఇలాంటి విమానంలోనే. ఆయన దాన్ని కొని ఎంతో కాలం కాలేదు. అసలు నమూనాకు భిన్నంగా, కట్టినవారు ఇంధన కవాటాన్ని పైలట్ ఎడమ భుజం వెనక పెట్టారు. ట్యాంకు మార్చడానికి వెనక్కి తిరిగే ప్రయత్నంలో విమానం అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది.

కొత్త అంచు వేసి నట్టు బిగించాక ఇంకో పరీక్ష మిగులుతుంది. కార్బురేటర్ దగ్గర గొట్టం విప్పి, కొసను కొలత డబ్బాలో పెట్టి, పంపు వేసి గడియారం చూడాలి. పంపు ఉన్న వ్యవస్థలో టేకాఫ్‌కు కావలసిన దానికంటే కనీసం నాలుగో వంతు ఎక్కువ రావాలన్నది ప్రమాణం. గంటకు 60 లీటర్లు తాగే ఇంజనుకు నిమిషానికి ఒకటింబావు లీటరు. ఆరుబయట చేయాలి, పక్కన మంటలార్పే సిలిండర్ ఉండాలి, డబ్బాను విమానం లోహానికి తీగతో కలపాలి, లేకపోతే స్థిర విద్యుత్ నిప్పురవ్వ చాలు. తోక కింద గుంట తీసో, ముందు చక్రం ఎత్తో విమానాన్ని పైకి లేచే కోణంలో నిలపాలి, ట్యాంకులో పెట్రోలు అడుగున మాత్రమే ఉండాలి. ఎందుకంటే నిండు ట్యాంకుతో, చదునుగా నిలబెట్టినప్పుడు ప్రతి విమానమూ ఈ పరీక్షలో నెగ్గుతుంది.

డబ్బాలో నిమిషానికి 1.4 లీటర్లు చేరింది. తర్వాత తోకను తాడుతో కట్టి, ముక్కు ఎత్తి ఉంచి, ఇంజనును పూర్తి పవరులో నడిపారు. లాగ్‌బుక్‌లో ఆ రోజు పేజీలో మూడు అంకెలు ఉన్నాయి: నెమ్మది వేగంలో 5.1, పూర్తి పవరులో 4.3, విద్యుత్ పంపు ఆపాక 4.0. కింద చిన్న అక్షరాలతో మరో వాక్యం: పాత సెన్సర్ బాగానే ఉంది, పారేయొద్దు.